గరిక, వంకాయ పువ్వు, నూరువరహాలు

కార్పొరేట్ కొలువు మానేసి థాయ్‌లాండ్‌లో ఇంగ్లీషు చెబుతున్నవాళ్ల గురించి మీరు రాసింది చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. నేనూ హైదరాబాద్‌లో పదకొండేళ్లు సాఫ్ట్‌వేర్ చేసి, థాయ్‌లాండ్‌లో ఒక పల్లె బడికి ఇంగ్లీషు చెప్పడానికి వెళ్లినదాన్నే. జీతం తగ్గడం, ఇంట్లో టెన్షన్, అవన్నీ మీరు చెప్పారు.

చెప్పనిది ‘వై ఖ్రూ’. ఏటా బడులు తెరిచాక, ఎక్కువగా జూన్‌లో ఒక గురువారం, పిల్లలు మోకాళ్ల మీద కూర్చుని టీచర్లకు పూలిచ్చి మొక్కుతారు. నాకిచ్చిన పళ్లెంలో గరిక, వంకాయ పువ్వు, నూరువరహాలు! గరికలా ఓపిగ్గా ఎదగాలని, వంకాయ పువ్వులా తల వంచి ఉండాలని, నూరువరహాల మొగ్గలా బుద్ధి పదునుగా ఉండాలని. ‘ఖ్రూ’ అంటే మన ‘గురు’వే అని తెలిసి కళ్లు నిండిపోయాయి.

థాయ్‌లో పదం చివర ‘ల్’ పలకదు, ‘న్’ అయిపోతుంది. అందుకే మా పిల్లలు ‘బాల్’ని ‘బాన్’ అనేవాళ్లు. అద్దం పట్టుకుని, నాలుక పైపళ్ల వెనక ఎలా ఆనాలో నెల రోజులు చూపించాను. ఓ పొద్దున ఒక పాప ‘స్కూల్’ అని స్పష్టంగా అంది. ఏ అప్రైజల్‌లోనూ నాకంత ఆనందం కలగలేదు.

వెళ్లాలనుకునేవాళ్లు దయచేసి ముందు కొంచెం థాయ్ నేర్చుకోండి. పిల్లల తప్పు ఎక్కడ పుడుతోందో అప్పుడే తెలుస్తుంది.