మహారాజశ్రీ 'ఇది సినిమాగా తీయలేం' గారికి

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

పాత నవల ఎక్కడ కనిపించినా తమరు ముందే వెళ్ళి దాని అట్ట మీద కూర్చుంటారు. తమరు నోరు తెరవగానే నిర్మాత డబ్బు సంచి మూట కట్టేస్తాడు, దర్శకుడు హమ్మయ్య అనుకుంటాడు, ఆ పుస్తకం చదవనివాళ్ళు కూడా చదివినట్టే తలాడిస్తారు. పైసా ఖర్చు లేకుండా ఇంత మర్యాద మా రాజావారికైనా దక్కిందో లేదో.

తమరు చాలాకాలం కాపురం చేసింది లారెన్స్ స్టెర్న్ రాసిన 'ట్రిస్ట్రమ్ షాండీ'లో. 1759 నుంచి 1767 దాకా తొమ్మిది భాగాలుగా వచ్చిన ఇంగ్లీషు నవల. నా జీవితకథ చెప్తాను వినండని కూర్చున్న మనిషి మూడో భాగం దాకా పుట్టనే పుట్టడు. ముందుమాట కూడా అక్కడే వస్తుంది. ఒకచోట పేజీ నిండా నల్లసిరా. ఇంకోచోట ఉత్త తెల్లకాగితం: ఫలానా వితంతువు అందాన్ని మీకు నచ్చినట్టు మీరే గీసుకోండి అని. దీన్నెవరు తీస్తారు అని తమరి ధీమా.

మా పెదనాన్నగారు తమరికి ఇంకా తగల్లేదు.

ఆయన తన పుట్టుక చెప్పడం మొదలుపెడితే, నిండు నెలలతో వాళ్ళమ్మ నౌపడలో బుల్లిరైలు ఎక్కుతుంది. వెంటనే రైలు ఆగిపోతుంది, ఎందుకంటే 1900లో రాజావారు ఆ లైను వేయించిన వైనం చెప్పాలి. కదిలి టెక్కలి చేరిందా, అక్కడ మరచెంబు పోతుంది. ఇక చూస్కోండి. చెంబు ఎవరి పెళ్ళిలో పెట్టారు, మూత మీద సొట్ట ఎలా పడింది, ఆ సొట్ట వేసినవాడు తర్వాత ఏమయ్యాడు. పాతపట్నం రాకముందే పెద్దమ్మ అన్నానికి లేవమంటుంది. నేను ముప్ఫై ఏళ్ళుగా వింటున్నాను. పెదనాన్న ఇంకా పుట్టలేదు.

ఆ నవలలో నాన్న కొడుక్కి 'ట్రిస్మెజిస్టస్' అని పెట్టమంటాడు. పనిమనిషి పరుగెత్తేసరికి ఆమె నోట్లో 'ట్రిస్' ఒక్కటే మిగిలింది. మిగతాది పాదిరీ తన సొంత పేరుతో పూరించేశాడు. అలా వచ్చిన ట్రిస్ట్రమ్ అంటేనే ఆ నాన్నకి ఒళ్ళు మంట. ఇంగ్లీషువాళ్ళు ఇక్కడ నవ్వుతారేమో, నాకైతే నవ్వు రాలేదు. నా పేరులో ఉన్న వెంకట బళ్ళో చేరినరోజే బెంకట అయ్యాడు, ఒడియా రాతలో మా 'వ' పోయి 'బ' కూర్చుంది మరి. ఆంధ్రాలో పెళ్ళిచూపులకి వెళ్తే కాగితం చూసి, "ఇంతకీ అబ్బాయి ఏడీ?" అన్నారు.

సరే, 2005లో మైకేల్ వింటర్‌బాటమ్ అనే ఇంగ్లీషు దర్శకుడు తమరిని లేపి పక్కన కూర్చోబెట్టాడు. నవలను తీయడానికి తంటాలు పడుతున్న సినిమావాళ్ళనే తీశాడు. అందులో నటుడు స్టీవ్ కూగనే ట్రిస్ట్రమూ, తండ్రీ, మళ్ళీ స్టీవ్ కూగనూ. బూట్ల మడమ ఎవరిది ఎత్తుగా ఉండాలని తోటి నటుడు రాబ్ బ్రైడన్‌తో అతని పోరు. నన్నడిగితే, ఆ బూట్ల గొడవలో ఉన్నంత స్టెర్న్ విగ్గుల్లోనూ కోటల్లోనూ లేడు. కథ పక్కదారి పట్టడమే కథ అయినప్పుడు, దారి తప్పినవాడే సరిగ్గా తీసినట్టు.

అది చూశాక మాకూ ధైర్యం వచ్చింది. పెదనాన్నని అరుగు మీద కూర్చోబెట్టి ఫోన్‌లో తీయడం మొదలెట్టాం. నల్ల పేజీకి మేం కష్టపడలేదు, కరెంటే పోయింది. ఆయన మాత్రం ఆపలేదు, చీకట్లోనే టెక్కలి దాకా వచ్చేశారు. రెండోరోజు మా తమ్ముడు తనకి రైలు గార్డు వేషం కావాలని అలిగాడు, అదీ తీశాం. నాలుగోరోజు పెదనాన్న రెండు చేతులతో చెంబు ఎంత ఉండేదో చూపిస్తుంటే, పెద్దమ్మ అటక మీంచి ఒక ఇత్తడి మరచెంబు దించి ఆయన ముందు పెట్టింది. మూత మీద సొట్ట.

"పోయిందని ఎవరన్నారు? అత్తగారు నాకే ఇచ్చారు కదా."

పెదనాన్న మూత విప్పారు, బిగించారు, సొట్ట మీద బొటనవేలు ఆనించి చూశారు. తర్వాత నావైపు తిరిగి, "ఒరే, అయితే నౌపడ నుంచి మళ్ళీ చెప్పాలి. ఫోన్ ఆన్ చెయ్యి" అన్నారు.

ఇట్లు,
తమ విధేయుడు,
బెంకట