పది పరుగుల నిబంధన గారికి ఒక తండ్రి విన్నపం

మహారాజశ్రీ పది పరుగుల నిబంధన గారి సముఖమునకు,

డాలస్ నుంచి నాలుగు గంటలు కారు నడుపుకొని వచ్చి, మీ చలవ వల్ల ఏడో ఇన్నింగ్స్ సగంలోనే తిరుగుదారి పట్టిన ఒక తండ్రి నమస్కరించి వ్రాయు విన్నపం. తొమ్మిది ఇన్నింగ్స్‌ల బేస్‌బాల్ ఆటలో ఏడు పూర్తయ్యేసరికి తేడా పది పరుగులకు చేరితే మ్యాచ్‌ను అక్కడే ముగించేయడం తమరి పని కదా. మొన్న మంగళవారం ఆఫీసులో పంటి డాక్టరు పేరు చెప్పి పూట సెలవు తీసుకున్నాను. అబద్ధమాడిన పాపానికి ఫలితం ఆ సాయంత్రమే దక్కింది కనుక ఆ లెక్క చిత్రగుప్తుడి దగ్గర తేలిపోయిందనే అనుకుంటున్నాను. తేలనిది మీ దగ్గరే.

మా అబ్బాయి కళాశాల బేస్‌బాల్ జట్టులో పిచర్, అంటే బంతి విసిరేవాడు. జట్టులో ఉన్నది 34 మంది; అందులో మావాడి స్థానాన్ని పైనుంచి లెక్కపెట్టడం కంటే కిందినుంచి లెక్కపెట్టడం సులువు. 2025లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో 34 అనే పరిమితి వచ్చిపడినప్పుడు, వాడు గీతకు ఇవతల మిగలడమే మా ఇంట్లో పండుగ. అటువంటి కుర్రవాణ్ణి ఏ కోచ్ అయినా 3–2 స్కోరు దగ్గర మౌండ్, అంటే పిచర్ నిలబడే దిబ్బ, ఎక్కించడు. మ్యాచ్ పూర్తిగా ఒకవైపు ఒరిగిపోయి, గెలుపోటముల మీద ఎవరికీ బెంగ లేకుండా పోయాక, ఎనిమిదో ఇన్నింగ్స్‌లోనో తొమ్మిదో ఇన్నింగ్స్‌లోనో పిలుస్తాడు. వాడిది కడబంతి. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదన్నారు పెద్దలు. కడబంతికి విస్తళ్లు వేయకముందే పందిరి పీకించే పెద్దమనిషి ఒకరు బయలుదేరుతారని పాపం వాళ్లకు తోచలేదు.

ఆ సాయంత్రం ఆరో ఇన్నింగ్స్ మొదటి సగం ముగిసేసరికి మా జట్టు 12–3తో ముందుంది. కోచ్ ఆటగాళ్లు కూర్చునే డగౌట్ మెట్టు మీద నిలబడి, పిచర్లు చేయి సిద్ధం చేసుకునే బుల్‌పెన్ వైపు చేయి ఊపాడు. మావాడు జాకెట్ విప్పి కంచె మీద వేశాడు. నేను నా సీటు వదిలి ఆ కంచె పక్కకు చేరాను. మొదటి నాలుగైదు బంతులు క్యాచర్ గ్లవ్‌లో మెత్తగా పడ్డాయి. ఆ తరువాతివి తలుపు మీద అరచేత్తో కొట్టినట్టు మోగసాగాయి. "ఎనిమిదో ఇన్నింగ్స్ వాడిదే" అని వాళ్లమ్మకు మెసేజ్ పెట్టి, వీడియో తీయడానికి ఫోన్ తుడిచి పట్టుకున్నాను. అంతలో మావాడి గదిలోనే ఉండే కుర్రవాడు, మా ఇంటికి వస్తే ఆవకాయ అడిగి వేయించుకునే వాడు, ఎడమవైపు కంచె అవతలికి ఒక హోమ్ రన్ కొట్టాడు. నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. బోర్డు మీద 13–3 పడ్డాక గానీ నేను దేనికి చప్పట్లు కొట్టానో నాకు తెలియలేదు.

ఆపైన ఏడో ఇన్నింగ్స్‌లో ప్రత్యర్థి జట్టుకు ఒక్క పరుగు, ఒక్కటంటే ఒక్కటి, ప్రసాదించమని ఏడుకొండలవాణ్ణి వేడుకున్నాను. కన్నకొడుకు జట్టుకు వ్యతిరేకంగా ఆయనకు మొక్కుకున్న తండ్రిని నేనొక్కణ్ణే అయి ఉంటాను. స్వామి కూడా నిబంధనల పుస్తకం చదివి ఊరుకున్నట్టున్నారు. ముగ్గురు వచ్చి ముగ్గురూ అవుటై వెళ్లారు. ఏడో ఇన్నింగ్స్ నడుమ ప్రేక్షకులు లేచి ఒళ్లు విరుచుకొని పాట పాడుకోవడం ఈ ఆటలో తరతరాల ఆచారం. ఆ రోజు జనం లేచారు, ఒళ్లు విరుచుకున్నారు, అలాగే నడిచి పార్కింగ్‌కు వెళ్లిపోయారు. సొంత మైదానంలో ఆడే జట్టు 10 పరుగుల ముందుంటే ఏడో ఇన్నింగ్స్ రెండో సగం కూడా అక్కరలేదని తమరి శాసనం కదా.

ఇంతకూ ఆ 10 పరుగులు ఎవరి పుణ్యమండీ? తమరి వంశవృక్షం కాస్త విప్పి చూద్దాం. 1974లో కళాశాలల ఆటగాళ్ల చేతికి అల్యూమినియం బ్యాట్లు ఇచ్చినది మీ వంశమే. అవి ముదిరి ముదిరి 1998లో ఒమాహాలో జరిగిన కళాశాలల జాతీయ ఫైనల్లో సదరన్ కాలిఫోర్నియా 21, అరిజోనా స్టేట్ 14 దాకా వెళ్లేసరికి, అది బేస్‌బాల్ స్కోరో అమెరికన్ ఫుట్‌బాల్ స్కోరో తెలియక చూసేవాళ్లు బిత్తరపోయారు. అక్కడినుంచి బ్యాట్లకు పత్యం మొదలై, 2011లో బీబీకోర్ అనే ప్రమాణం వచ్చి, బంతికి బ్యాట్ నుంచి తిరిగి దక్కే ఊపును కర్ర బ్యాట్ స్థాయికి దించింది. పత్యం ఎంత కఠినంగా సాగిందంటే 2014లో ఒక జట్టు సగటున మ్యాచ్‌కు 0.39 హోమ్ రన్లు మాత్రమే కొట్టింది. ఆ ఏటి ఒమాహా పోటీలన్నీ కలిపి చూస్తే కంచె దాటిన బంతులు మూడే. కండలు పెంచిన కుర్రవాళ్లు బంతిని బ్యాట్‌తో మెల్లగా తాకించే బంట్‌లు పెట్టుకుంటూ ఒక్కొక్క బేస్ చొప్పున పాకారు. నాకైతే ఆ ఆట నచ్చేది. ప్రతి పరుగూ కష్టార్జితంలా ఉండేది. అది మీవాళ్లకు నచ్చలేదు. 2015లో బంతి కుట్టు ఎత్తును 0.048 అంగుళాల నుంచి 0.031కి తగ్గించారు. వెంట్రుకవాసి తేడా, దానితోనే బంతి ఇంచుమించు 20 అడుగులు అదనంగా ఎగురుతుందని ప్రయోగశాలలో కొలిచి మరీ చూసుకున్నారు. 2024 ఛాంపియన్ టెన్నెసీ ఒక్క సీజన్‌లో 184 హోమ్ రన్లు కొట్టిందంటే ఆ మందు ఎంత బాగా పనిచేసిందో తమరికి తెలియనిది కాదు.

ఇంతా చేసి, పరుగులు వరదలా వచ్చాక, 2025 సీజన్‌లో మిమ్మల్ని గేటు దగ్గర కాపలా పెట్టారు. అంతకుముందు కాన్ఫరెన్స్ నియమమో, ఇద్దరు కోచ్‌ల ఒప్పందమో ఉంటేనే తమరికి ప్రవేశం. ఇప్పుడు సీజన్ మ్యాచ్‌లన్నింటికీ తమరే యజమాని. పిలిచి కొసరి కొసరి వడ్డించి, నాలుగు ముద్దలు ఎక్కువ తిన్నాడని అతిథిని విస్తరి ముందునుంచి లేపడం ఏ ఊరి మర్యాద?

మీ బంధువర్గమైన తక్కిన నిబంధనల మీద నాకు పెద్దగా పేచీ లేదు. ఆలస్యం చేశారని 20 సెకన్ల గడియారం పిచర్ లెక్కలో ఒక 'బాల్', బ్యాటర్ లెక్కలో ఒక 'స్ట్రైక్' వేసి శిక్షిస్తే శిక్షించనీయండి. గ్లవ్ పట్టీలు ఆరుసార్లు బిగించుకునే వాళ్లకు ఆ మందు కావలసిందే. డగౌట్ నుంచి అంకెలు నొక్కితే క్యాచర్ మణికట్టు మీద వెలిగే యంత్రం వచ్చాక, ఏ బంతి వేయాలో పిల్లలు సొంతంగా ఆలోచించడం మానేశారు. ఆలోచన ఎటూ ఖరీదైన వస్తువే. హోమ్ రన్ కొట్టినవాడు బొచ్చుకోటు తొడుక్కొని డగౌట్ దాటి రాకూడదన్నారు, సంతోషం. వీళ్లందరూ ఆటను సవరించారు. తమరొక్కరే ఆటను తగ్గించారు.

మీ తరఫు వాదన కూడా నాకు తెలుసు, న్యాయంగానే చెబుతాను. ఓడిపోతున్న జట్టు రాత్రంతా బస్సులో వెనక్కి పోవాలి, తెల్లవారితే వాళ్లకు పరీక్ష ఉంటుంది, సీజన్‌కు 56 మ్యాచ్‌లు, ఇరవై ఏళ్లకే మోచేతికి శస్త్రచికిత్స చేయించుకుంటున్న పిచర్లు. ఒప్పుకుంటాను. ఆ రోజు చివరి అవుట్ పడ్డాక ప్రత్యర్థి పిచర్ మోచేతికి ఐస్ కట్టుకొని బస్సెక్కుతుంటే నాకూ జాలేసింది. అందుకే మిమ్మల్ని ఇక్కడ మెర్సీ రూల్ అంటారు, దయగల నిబంధన అని.

అయ్యా, దయ అంటే మా క్రికెట్‌లో ఫాలో ఆన్‌ది. వెనకబడినవాడి చేతికే మళ్లీ బ్యాట్ ఇస్తుంది. 2001 మార్చిలో కోల్‌కతాలో 274 పరుగులు వెనకబడి మళ్లీ బ్యాటింగ్‌కు దిగిన జట్టులోంచే మా హైదరాబాదు లక్ష్మణ్ 281 కొట్టాడు. అదే ఏడు ఆగస్టు 5న, ఈ దేశపు ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లోనే, క్లీవ్‌లాండ్ జట్టు ఏడో ఇన్నింగ్స్ సగంలో సియాటిల్ చేతిలో 14–2తో చితికి ఉండి, 11 ఇన్నింగ్స్‌లలో 15–14తో గెలిచింది. ఏడో ఇన్నింగ్స్ పూర్తయ్యేసరికి స్కోరు 14–5, అంటే తేడా 9. మీరే గనక ఆ మైదానంలో ఉండి ఉంటే, ఆ మ్యాచ్ మీ చేతిలోంచి ఒకే ఒక్క పరుగుతో తప్పించుకుపోయేది! 2023 జూన్ 25న ఒమాహాలో ఫ్లోరిడా చేతిలో 24–4తో తొమ్మిది ఇన్నింగ్స్‌లూ తన్నులు తిన్న ఎల్ఎస్‌యూ (లూసియానా స్టేట్ జట్టు), మరునాడే 18–4తో గెలిచి ట్రోఫీ ఎత్తుకుంది. 20 పరుగుల ఓటమిని చివరిదాకా నిలబడి భరించిన ఆ పిల్లల మీద ఎవరూ దయ చూపలేదు, చూపమని వాళ్లూ అడగలేదు.

అసలు నిన్ను ఎవడు అడిగాడయ్యా? ఓడిన జట్టు అడిగిందా? గెలుస్తున్న జట్టులో ఏడు నెలలుగా తెల్లవారుజామునే లేచి బరువులెత్తి, కిట్ బ్యాగులు మోసి, ఇంకా ఒక్క బంతి కూడా వేయని కుర్రవాడు అడిగాడా? గడియారం అక్కరలేని ఆట, జట్టుకు 27 అవుట్లు పడేదాకా ఎవరికీ గేటు మూయని ఆట అని గొప్పలు చెప్పుకుంటూ, ఆ 27లో ఆరేసి తొమ్మిదేసి మింగేస్తున్నావు. నువ్వు మింగిన ఎనిమిది, తొమ్మిది ఇన్నింగ్స్‌లు పనికిరానివి కావు, అవి మావాడివి.

క్షమించాలి, ఏకవచనం దొర్లింది. మళ్లీ మర్యాదలోకి వస్తాను.

రెండు జట్లూ చేతులు కలిపి వెళ్లాక, సిబ్బంది మౌండ్ మీద టార్పాలిన్ లాగుతుంటే, మావాడు బంతుల బకెట్ ఒక చేత్తో, గ్లవ్ చంకలో పెట్టుకొని కంచె దగ్గరికి వచ్చాడు. "నాన్నా, ఈ రోజు స్లైడర్ బాగా పడింది, చూశారా?" అన్నాడు. చూశానన్నాను. నిజంగానే చూశాను, బుల్‌పెన్‌లో పక్కకు జారే ఆ బంతి పడ్డ 11 సార్లూ చూశాను. ఫోన్‌లో మాత్రం మైదానం ఖాళీ చేసి పోతున్న జనం వీడియో 40 సెకన్లు ఉంది. ఎప్పుడు నొక్కానో తెలియదు.

వచ్చే మంగళవారం మళ్లీ వస్తున్నాను. పంటి డాక్టరు అయిపోయాడు కనుక ఈసారి కంటి డాక్టరు. మా జట్టు గెలవనక్కరలేదని నేను అనను. తేడా మాత్రం దయచేసి 9 దగ్గర ఆపించగలరు.

ఇట్లు,
బుల్‌పెన్ కంచె పక్కన నిలబడిన వాడు