లైట్నింగ్ కాల్

నల్గొండ క్లాక్ టవర్ దగ్గర పదిహేనేళ్లు ఎస్టీడీ బూత్ నడిపినవాణ్ని నేను. పసుపు బోర్డు, అద్దాల తలుపు, ఎర్ర అంకెలు పరిగెత్తే మీటరు. రాత్రి 11 దాటితే ఎస్టీడీ చార్జి నాలుగో వంతే కాబట్టి ఆ వేళకు బూత్ ముందు రేషన్ షాపు లైను. దుబాయ్ 00971, సౌదీ 00966, అమెరికా 001. నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ని. కొడుకు నంబరు చీటీ మీద రాయించుకొచ్చిన ముసలమ్మలు "జర కలుపు బిడ్డా" అంటే, దుబాయ్ నంబరు ముందున్న సున్నాను ఎర్ర పెన్నుతో కొట్టేసి కలిపేవాణ్ని.

సెల్‌ఫోన్లు వచ్చాయి, బూత్ పోయింది. ఆ ల్యాండ్‌లైన్‌ను మాత్రం వదల్లేక రామగిరిలోని ఇంటికి మార్పించుకున్నాను. చాలామంది గల్ఫ్ వాళ్లకు అది పీపీ నంబరు. "మా అమ్మను జర పిలువుండ్రి" అంటూ ఇప్పటికీ ఎప్పుడో ఒకరు చేస్తారు. మా ఆవిడ "బూతు బంద్ జేసినం బిడ్డా" అని పెట్టేస్తుంది. వినేవాళ్లు ఏమనుకుంటారోనని నా బాధ.

పోయిన ఎండాకాలం అమెరికాలో మా అమ్మాయి దగ్గరికి వెళ్లాను. బత్తాయి తోట బేరం తెగలేదని మా ఆవిడ కదల్లేదు. అమ్మాయి, అల్లుడు నన్ను నయాగరా చూపించడానికి తీసుకెళ్లారు. చూశాను. నీళ్లు. బాగానే ఉన్నాయి, మన సాగర్ గేట్లు ఎత్తినప్పుడు చూసినవాడికి మరీ నోరు తెరుచుకునేంత ఏం కాదు.

రాత్రి 11 గంటలకు హోటల్ గదిలో గుర్తొచ్చింది. తొమ్మిదిన్నర గంటల తేడా, అంటే నల్గొండలో పొద్దున 8:30. 9 గంటలకు బేరగాడు వస్తాడు. టన్ను 25 వేలకు తగ్గొద్దని మా ఆవిడకు చెప్పడం మరిచాను! నా సెల్ చార్జింగ్ లేక చచ్చిపడి ఉంది. మన చార్జర్ పిన్ను అక్కడి ప్లగ్గులో పట్టదు, పట్టించే అడాప్టర్ అమ్మాయి గదిలో ఉంది. వాళ్లను లేపడం దేనికి, మంచం పక్కన హోటల్ ఫోన్ ఉండగా? నోటికొచ్చిన నంబరు ల్యాండ్‌లైన్ ఒక్కటే. అదే చాలు.

బయటి లైనుకు 9 నొక్కమని కార్డు మీద ఉంది. నొక్కాను. తర్వాత అలవాటు కొద్దీ 00, 91. ఎవరో ఆడగొంతు రికార్డు ఇంగ్లీషులో చీవాట్లు పెట్టింది. మళ్లీ చేశాను, మళ్లీ అవే చీవాట్లు. అప్పుడు అల్లుడు కారులో అన్న మాట మెదిలింది: "మామయ్యా, మన దగ్గరి నుంచి బయటికైతే డబుల్ జీరో. ఇక్కడి నుంచైతే 011, తర్వాత 91. నల్గొండ కోడ్ 08682 ముందు సున్నా తీసెయ్యాలె."

నాకే చెబుతున్నాడా అని సగమే విన్నాను. ఆ సగంలో 'సున్నా తీసెయ్యాలె' ఉంది. మొదట దొరికిన సున్నా 011లోది. తీసేశాను.

9 నొక్కి, 11 నొక్కి, వేలు ఇంకా 91 దగ్గరికి పోకముందే లైను కలిసింది.

"నైన్ వన్ వన్. వాట్ ఈజ్ యువర్ ఎమర్జెన్సీ?"

ఆపరేటర్ అనుకున్నాను. ట్రంకాల్ రోజుల్లో మన ఎక్స్ఛేంజీ వాళ్లు కూడా ముందు ఇదే అడిగేవారు, ఆర్డినరీయా, అర్జెంటా, లైట్నింగా అని. అన్నిటికన్నా ముందు కలిపే లైట్నింగ్‌కు చార్జి వాచిపోయేది. పోనీలే, బిల్లు అల్లుడిదే.

"యెస్, ఎమర్జెన్సీ. లైట్నింగ్!"

పిడుగు ఎవరి మీద పడిందని అడిగింది.

"నో నో. మై వైఫ్ అలోన్ ఇన్ హౌస్. వన్ మ్యాన్ కమింగ్, నైన్ ఓ క్లాక్."

అతను మీకు తెలుసా అంది.

"వెరీ వెల్. ఎవ్రీ ఇయర్ కమింగ్. హి విల్ కట్!"

రేటు కోస్తాడని నా భావం. ఆమె గొంతు మారిపోయింది. ఆఫీసర్లు బయల్దేరారు, ఫోన్ పెట్టొద్దు అంది. బత్తాయి బేరానికి ఆఫీసర్లు ఎందుకో అర్థం కాలేదు. పైగా మీటరు తిరుగుతోంది. ఠక్కున పెట్టేశాను.

పెట్టకూడదట. పొరపాటున అక్కడి ఎమర్జెన్సీ నంబరు 911 తగిలితే లైన్లోనే ఉండి పొరపాటని చెప్పాలట. పెట్టేస్తే, పాపం ఏ ఆపదలో ఉన్నారోనని వెతుక్కుంటూ వస్తారట.

వచ్చారు. ఇద్దరు. ఒక్కొక్కరు గుమ్మమంత ఉన్నారు. నేను లుంగీ, బనీనులో. వాళ్ల వెనక అమ్మాయి నిద్రకళ్లతో పరుగెత్తుకొచ్చింది. "ఏం జేసినవ్ నాయినా!"

బత్తాయి అంటే ఏమిటో పోలీసులకు చెప్పడానికి అల్లుడికి పావుగంట పట్టింది. చిన్నాఫీసరు నవ్వాడు. పెద్దాఫీసరు నవ్వలేదు. ఆ మేడమ్ క్షేమమని తన చెవులతో వింటే తప్ప కదలనన్నాడు.

అమ్మాయి తన సెల్ తీసి సున్నా మీద వేలు అలాగే ఒత్తి పట్టింది. ప్లస్ గుర్తు వచ్చింది. "ఇది ఉంటే 00, 011 ఏదీ అక్కర్లేదు నాయినా. ఏ దేశంల ఉంటే ఆ దేశం కోడ్ అదే చూసుకుంటది." ఆ వెనక 91, 8682, మన ఆరంకెల నంబరు. నా పదిహేనేళ్ల విద్య అంతా ఒక్క ఒత్తుడులో పోయింది. అదీ సున్నా మీదే.

స్పీకర్ పెట్టారు. రింగయింది. ఎత్తింది.

పెద్దాఫీసరు వంగి, ఎంతో మర్యాదగా అడిగాడు: "మేమ్, దిస్ ఈజ్ ద పోలీస్. ఆర్ యూ సేఫ్?"

అవతల బేరగాడి గొంతు "ఇరవై రెండుకు ఇయ్యమ్మా" అంటోంది. ఆ మీదట మా ఆవిడ.

"బూతు ఎప్పుడో బంద్ జేసినం బిడ్డా. నేను బేరంల ఉన్న, పెట్టెయ్."

తనే పెట్టేసింది.