ఫోర్జ్డ్ పిస్టన్లు కళ్ళు మూసుకుని కొనమనే ఆ మెసేజ్ గురించి

మళ్ళీ వచ్చింది. "ప్రాజెక్టు ఆగిపోయినవాళ్ళు వాడని కస్టమ్ ఫోర్జ్డ్ పిస్టన్లు అమ్మేస్తున్నారు, కళ్ళు మూసుకుని కొనేయండి" అని మొదలై, పాయింట్ల మీద పాయింట్లు పెట్టి, చివర నాలుగు రాకెట్ బొమ్మలతో ముగిసే మెసేజ్. (ఫోర్జ్డ్ అంటే పోత పోయకుండా, లోహాన్ని ప్రెస్సుతో నొక్కి చేసినవి.) పంపేవాళ్ళందరిదీ మంచి ఉద్దేశమే, అందుకే ఇంకా చికాకు. ఒకసారి రాసి పెడుతున్నాను. ఇకమీదట ఎవరు పంపినా జవాబు ఇదే.

"ఫోర్జ్డ్ వేస్తే పవర్ పెరుగుతుంది." పెరగదు. పెరిగిన పవర్‌ను తట్టుకుంటుంది. తర్వాతిది చూద్దాం.

"బోరు సైజు కలిస్తే చాలు, సరిపోతుంది." బోరు అంటే సిలిండర్ లోపలి వ్యాసం, స్ట్రోకు అంటే అందులో పిస్టన్ పైకీ కిందికీ నడిచే దూరం. ఈ ఇంజిన్లు చూడండి: టొయోటా 2జేజెడ్, నిస్సాన్ ఎస్‌ఆర్20, హోండా కే20ఏ, సుబారు ఎఫ్‌ఏ20. నాలుగింటికీ బోరు 86 మి.మీ., స్ట్రోకు కూడా 86 మి.మీ. ఈ మెసేజ్ లెక్కన ఒక్క సెట్టు కొంటే నాలుగు కంపెనీల ఇంజిన్లూ కట్టేయొచ్చు! కాన్‌రాడ్ (పిస్టన్‌ను క్రాంకుకు, అంటే ఇంజిన్‌లో తిరిగే ఇరుసుకు, కలిపే కడ్డీ) పొడవు 2జేజెడ్‌లో 142, కే20ఏలో 139, ఎస్‌ఆర్20లో 136.3 మి.మీ. పిస్టన్‌ను ఆ రాడ్డుకు పట్టి ఉంచే పిన్ను మధ్య నుంచి పిస్టన్ తల దాకా ఉండే ఎత్తు, పిన్ను వ్యాసం, రాడ్డు చిన్న చివర పట్టే సందు, వాల్వుల కోసం తీసిన గుంటల చోటు, వాటి కోణం... ఇవన్నీ కలవాలి.

పోనీ ఇంజిన్ అదే అనుకుందాం. అదే రాడ్డుతో 90 మి.మీ. స్ట్రోకు క్రాంకు కోసం చేయించిన పిస్టన్‌లో ఆ ఎత్తు 2 మి.మీ. తక్కువ ఉంటుంది. దాన్ని 86 మి.మీ. క్రాంకు మీద పెడితే పైకి వచ్చినప్పుడు కూడా బ్లాకు అంచుకు 2 మి.మీ. కిందే ఆగిపోతుంది. హెడ్డు (బ్లాకు పై మూత) గది 45 సీసీ, రెంటి మధ్య గాస్కెట్ 7 సీసీ, పిస్టన్ తల మీది పళ్ళెం లాంటి గుంట 8 సీసీ అయితే కంప్రెషన్ (లోపలి గాలి ఎన్నో వంతుకు నొక్కుకుపోతుందో ఆ లెక్క) 9.3 రావాలి. ఆ 2 మి.మీ. సందు ఇంకో 11.6 సీసీ కలుపుతుంది, కంప్రెషన్ 8కి పడిపోతుంది. తిరగేసి పెడితే, అంటే స్టాక్ (కంపెనీ ఇచ్చిన) ఎత్తు పిస్టన్‌ను 90 క్రాంకు మీద వేస్తే, అది బ్లాకు దాటి 2 మి.మీ. పైకి వస్తుంది. మామూలు గాస్కెట్ మందం దానికంటే తక్కువ. మిగతాది హెడ్డే చెబుతుంది.

ఇప్పుడు అసలు విషం. "ఫోర్జ్డ్ అంటే ఫోర్జ్డే. కంపెనీ క్లియరెన్సే పెట్టించండి. టైటుగా ఉంటే రన్నింగులో కుదురుకుంటుంది. మరీ టైటైతే స్కర్టుకు కాస్త ఎమెరీ పేపరు రాయండి."

క్లియరెన్సు అంటే పిస్టన్‌కూ బోరు గోడకూ మధ్య సందు, స్కర్టు అంటే రింగుల కింద ఉండే పిస్టన్ ఒళ్ళు. ఫోర్జ్డ్ పిస్టన్లకు ఎక్కువగా వాడేవి రెండు అల్యూమినియం మిశ్రమాలు, 4032, 2618. మొదటిదాంట్లో సుమారు 12 శాతం సిలికాన్, రెండోదాంట్లో దాదాపు లేనట్టే. సిలికాన్ తగ్గితే లోహం సాగే గుణం పెరుగుతుంది, డిటొనేషన్ (పెట్రోలు అదుపు తప్పి పేలడం) దెబ్బకు పగలకుండా ఓర్చుకుంటుంది, కానీ వేడికి ఎక్కువ ఉబ్బుతుంది. 86 మి.మీ. వ్యాసం మీద 100 డిగ్రీల వేడి పెరిగితే 2618 సుమారు 0.19 మి.మీ., 4032 సుమారు 0.17 మి.మీ. పెరుగుతాయి. ఇనప బోరు 0.1 కూడా పెరగదు. పైగా బోరు చుట్టూ నీళ్ళు తిరుగుతాయి, పిస్టన్ మంటకు ఎదురుగా ఉంటుంది. కంపెనీ పోత పిస్టన్లు 0.02 నుంచి 0.04 మి.మీ. క్లియరెన్సుతో నడిచిపోతాయి. ఈ సైజులో రోడ్డు మీద నడిచే ఇంజిన్‌కు 4032 అయితే 0.05, 0.06 దగ్గర, 2618 అయితే 0.08 నుంచి 0.10 దాకా అడుగుతుంది. టర్బో బూస్టు (గాలిని లోపలికి నెట్టే ఒత్తిడి) పెరిగే కొద్దీ ఇంకా. ఖచ్చితమైన అంకె పిస్టన్ తయారీదారు షీటులో ఉంటుంది. మెసేజ్‌లో ఉండదు.

2618ని 0.03లో బిగిస్తే మొదట ఏమీ కాదు, అదే మోసం. చల్లగా స్టార్ట్ అవుతుంది, మెత్తగా తిరుగుతుంది, వీడియో తీసి పెడతారు. లోడు పడి వేడెక్కాక స్కర్టుకూ గోడకూ మధ్య ఆయిల్ పొర నిలవదు. పిన్నుకు అటూ ఇటూ నాలుగు చోట్ల గీతలు పడతాయి. అల్యూమినియం కరిగి బోరుకు పూసుకుంటుంది, రింగులు గాడుల్లో ఇరుక్కుంటాయి, క్రాంకు కేసులోకి గ్యాసు దిగుతుంది, చివరికి ఇంజిన్ పట్టేస్తుంది. అవును, కుదురుకుంది, ఇక కదలదు.

ఎమెరీ పేపరు సలహా ఇచ్చినవాళ్ళకు ఒక దండం. స్కర్టు గుండ్రం కాదు. పిన్ను వైపు సన్నగా, అడ్డంగా వెడల్పుగా, పై నుంచి కిందికి పీపాలా వంపుతో తిప్పి ఉంటుంది. చేత్తో రుద్దితే ఆ వంపు పోతుంది, నల్లటి కోటింగూ పోతుంది.

కొలిచే పద్ధతి వేరే ఉంది. పిస్టన్‌ను పిన్నుకు 90 డిగ్రీల అడ్డంగా, తయారీదారు చెప్పిన ఎత్తులోనే మైక్రోమీటర్‌తో కొలవాలి. కొన్ని మి.మీ. పైకో కిందికో జరిగితే వేరే అంకె వస్తుంది. కోటింగు ఉంటే దాన్ని లెక్కలో కలపాలో వద్దో షీటులోనే చూడాలి. బోరును టార్క్ ప్లేటు (హెడ్డు బిగించినట్టే బ్లాకును ఒత్తే మందపు పలక) బిగించి, పైన, మధ్యన, కింద, రెండు దిక్కుల్లో బోర్ గేజ్‌తో కొలవాలి. బ్లాకు, పిస్టన్లు రెండూ ఒకే గదిలో ఒక రాత్రి ఉండాలి. ప్రతి బోరూ దాని పిస్టన్‌కు సరిపడేలా హోనింగు (రాళ్ళతో సన్నగా అరగదీయడం) చేసి నంబరు వేయాలి. బోరులో అతి చిన్న కొలత నుంచి పిస్టన్ కొలత తీసేస్తే వచ్చేదే క్లియరెన్సు.

ఇదే మెసేజ్ ఇంకోచోట "చల్లగా ఉన్నప్పుడు టకటక వస్తే పిస్టన్ డిఫెక్టు, డబ్బు వెనక్కి అడగండి" అంటుంది. 2618కి ఆ చప్పుడు మామూలే, వేడెక్కితే పోతుంది. వేడిలోనూ ఉంటే అప్పుడు విప్పండి.

"బాక్సులో రింగులు ఉంటే అలాగే ఎక్కించండి." కస్టమ్ సెట్లతో వచ్చే రింగులు చాలావరకు ఆకురాయితో కొసల మధ్య గ్యాపు సరిచేసుకోవాల్సినవే. మొదటి రింగుకు, బూస్టు లేని రోడ్డు ఇంజిన్‌లో బోరు మి.మీ.ని 0.0045తో గుణించండి, 86కి 0.39 మి.మీ. టర్బోకు 0.006తో, 0.52 మి.మీ. ఇవి మొదలుపెట్టే అంకెలు, రింగు తయారీదారు వేరే చెబితే అదే వినండి. గ్యాపు తక్కువైతే వేడికి రెండు కొసలూ ఢీకొంటాయి, రింగు గాడుల మధ్య గట్టు ఊడొస్తుంది.

"తేలిక పిస్టన్లకు బ్యాలెన్సింగు అక్కర్లేదు." నాలుగు సిలిండర్ల వరస ఇంజిన్‌లో పిస్టన్లన్నీ ఒకే బరువుంటే చాలావరకు గడిచిపోతుంది. మామూలు వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్‌లో క్రాంకు కౌంటర్‌వెయిట్లు పిస్టన్ బరువును లెక్కపెట్టి చేసినవి. మళ్ళీ బ్యాలెన్స్ చేయించాల్సిందే.

"డోమ్ ఉంటే ఇంకా మంచిది, ట్యూనర్ చూసుకుంటాడు." డోమ్ అంటే పిస్టన్ తల మీది ఉబ్బు. పై లెక్కలోనే 8 సీసీ పళ్ళెం బదులు 5 సీసీ డోమ్ పెట్టండి, 9.3 కాస్తా 11.6 అవుతుంది. టర్బో ఇంజిన్‌లో మామూలు పెట్రోలుతో అది నడవాలంటే ట్యూనర్ టైమింగు (స్పార్కు పడే సమయం) వెనక్కి లాగీ లాగీ, మీరు కొన్న పవర్‌నే తిరిగి ఇచ్చేస్తాడు.

"వాడలేదంటే చెక్ చేయక్కర్లేదు." నడపలేదు సరే, బిగించి చూడలేదని ఎవరు చెప్పారు? పిన్ను లాక్ కూర్చునే గాడి దగ్గర గీతలు, వాల్వు గుంటల్లో (సందు కొలవడానికి పెట్టే) మట్టి ముద్ద జిడ్డు, స్కర్టు కోటింగు మీద నిలువు చార వెతకండి. ఒకసారి తీసిన వైర్ లాకులు మళ్ళీ వాడొద్దు, కొత్తవి తెప్పించండి. రింగు గట్టు అంచున చిన్న నొక్కు ఉన్నా ఆ పిస్టన్ కింద పడిందనే అర్థం. పిన్నులకూ రింగులకూ తుప్పు చూడండి.

ఒక్క చోట మాత్రం ఆ మెసేజ్‌తో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. "ఏళ్ళ తరబడి బాక్సులో ఉన్నా బలం తగ్గదు, ముందు పిస్టన్లు కొని తర్వాతే బ్లాకు బోరింగుకి ఇవ్వండి" అంది. రెండూ నిజమే. పొడిగా దాచిన లోహం గది వేడిలో బలహీనపడదు. పిస్టన్లు చేతిలో లేకుండా బోరు చేయించుకున్నవాళ్ళే ఎక్కువ ఏడుస్తారు.

చివరిది అమ్మేవాళ్ళకు: "కస్టమ్ కాబట్టి 90 శాతం ధర అడగండి." సరిగ్గా తిరగేసి చెప్పారు. మీ క్రాంకు, మీ రాడ్డు, మీ హెడ్డు, మీ ఓవర్‌సైజ్ (పెంచిన బోరు కొలత) నాలుగూ ఉన్నవాడే మీ కొనుగోలుదారు. వాళ్ళు ఎంతమంది ఉంటారు? ధర నిలవాలంటే ఆర్డర్ షీటు, బాక్సు మీది జాబ్ నంబరు కనిపించే ఫొటో పెట్టండి. ఆ నంబరుతో చాలాసార్లు తయారీదారు దగ్గర డ్రాయింగు దొరుకుతుంది, సరిపోయే రింగులూ దొరుకుతాయి. మిశ్రమం, ఒక్కో పిస్టన్ బరువు, స్కర్టు కొలత, పిన్ను వ్యాసం, పొడవు, రింగు గాడుల వెడల్పులు, తల సీసీ, ఏ హెడ్డుకు చేయించారో రాయండి. షీటు పోయిందా, కొలిచి రాయండి. కొలిచే ఓపిక లేకపోతే ధర తగ్గించండి, ఆ పని కొన్నవాడు చేసుకుంటాడు.