సవరణ: 15డబ్ల్యూ-40లో డబ్ల్యూ అంటే వెయిట్ కాదు

చలికాలంలో లదాఖ్‌లోని ద్రాస్‌కి లోడు వేసుకెళ్తున్న తమ్ముడికి మొన్న "మన 15డబ్ల్యూ-40 ఇంజిన్ ఆయిల్ చాలు, డబ్ల్యూ అంటే వెయిటే" అని రాశాను. రెండూ తప్పే. డబ్ల్యూ అంటే వింటర్. 15డబ్ల్యూ ఆయిల్‌తో ఇంజిన్ తిరుగుతుందా అని మైనస్ 20 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు, 5డబ్ల్యూకైతే మైనస్ 30 దగ్గర. ద్రాస్‌లో రాత్రిళ్లు మైనస్ 20 కిందకి జారడం కొత్తేం కాదు. గాజువాక ఆటోనగర్‌లో డబ్బా వంచితే ధారగా దిగే ఆయిల్ అక్కడ తేనెపాకంలా సాగుతుంది. పొద్దున్నే సెల్ఫ్ కొడితే గుర్రుమని ఆగిపోతుంది.

5డబ్ల్యూ-40 పోయించు తమ్ముడూ. చివరి 40 ఇంజిన్ వేడెక్కాక ఉండే చిక్కదనం, అదేం మారదు. బీఎస్-6 బండి కదా, ఆయిల్ సీకే-4 అనే నాణ్యతా రకమేనా అని బండి పుస్తకంతో సరిచూసుకో. డీజిల్ గడ్డకట్టడం వేరే గొడవ. లదాఖ్‌లో దానికి చలికాలపు డీజిల్ విడిగా దొరుకుతుంది.