పూజగది పై అరలోని ముడుపు గారికి

మహారాజశ్రీ ముడుపు గారి సముఖానికి,

ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు. వెంకటేశ్వరస్వామి పటం వెనకాల, కుంకుమ భరిణెకీ ఖాళీ అగరొత్తుల డబ్బాకీ మధ్య, ముప్పై ఏళ్ళకి పైగా కదలకుండా కూర్చున్నారు. మా వంశంలో అంత గట్టి పర్మనెంటు ఉద్యోగం ఎవరికీ దొరకలేదు.

మీరు పుట్టింది 1991లో. నాకు అప్పుడు ఏడేళ్ళు, టైఫాయిడ్. పదమూడో రోజుకీ జ్వరం దిగకపోయేసరికి మా అమ్మ నాన్నగారి పాత పంచె అంచు చింపి, పసుపునీళ్ళలో ముంచి, కిటికీ ఊచకి ఆరేసింది. సరిగ్గా ఆరకుండానే అందులో పదకొండు రూపాయి బిళ్ళలూ ఒక పావలా పెట్టి మూడు ముళ్ళు వేసింది. "వీడికి తగ్గితే కొండకి నడిపించుకొచ్చి గుండు చేయిస్తాను స్వామీ" అంది. రెండు రోజులకి జ్వరం దిగింది. డాక్టరు మందు మార్చి అప్పటికి అయిదు రోజులైంది. ఆ మందు పేరు ఈ రోజు మా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. చీటీ ఎప్పుడో పోయింది. మీరున్నారు.

కాస్త కోలుకున్నాక ఒక మధ్యాహ్నం, అమ్మ కునుకు తీస్తుండగా, స్టూలెక్కి మిమ్మల్ని కిందికి దించిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. దేవుడి మీద అనుమానంతో కాదండీ. వీధిలో పుల్లఐసు బండి గంట వినపడింది. మొదటి ముడి సగం వదులయ్యేసరికి వెనకనుంచి అమ్మ గొంతు: "తప్పు! కళ్ళు పోతాయి!"

నాకు జరిగిన మతబోధ మొత్తం ఆ మూడు మాటలే. ఎనిమిదో తరగతిలో కళ్ళజోడు వచ్చింది, మైనస్ ఒకటిన్నర. సగం ముడికి సగం శిక్ష వేశారని చాలా ఏళ్ళు నా లెక్క.

మనుషులు దేవుణ్ణి ఎందుకు నమ్ముతారంటే, ఈ సృష్టికి కర్త ఎవరో ఒకరు ఉండాలి కదా అన్న ఆలోచనతో అని చదువుకున్నవాళ్ళు చెబుతారు. మా ఇంట్లో సృష్టి గురించి ఎవరూ మాట్లాడుకోగా నేను వినలేదు. మాకు నమ్మకం అప్పు రూపంలో వచ్చింది. నెత్తిన బాకీ ఉన్నవాడికి షావుకారు ఉన్నాడా లేడా అన్న అనుమానం ఎందుకు వస్తుంది? పోనీ ఆ షావుకారైనా నిశ్చింతగా ఉన్నాడా అంటే, పెళ్ళికోసం కుబేరుడి దగ్గర చేసిన అప్పుకి కలియుగం అయ్యేదాకా వడ్డీ కట్టుకుంటున్నాడాయె. వడ్డికాసులవాడని ఊరికే అనలేదు.

మా బాకీ మాత్రం తీరలేదు. ఆ ఏడు నాన్నగారికి ట్రాన్స్‌ఫర్. మరుసటేడు అక్క పెళ్ళి. ఆ తర్వాత తాతగారు పోయారు, ఏడాది దాకా కొండెక్కకూడదన్నారు. తర్వాత చెప్పుకోడానికి కారణం కూడా లేదు, నాకు జ్వరం రాలేదు, అంతే. ఆపద మొక్కులు, సంపద మరుపులు. మేం మర్చిపోయినా మీరు మర్చిపోలేదని మాత్రం అమ్మ గట్టిగా నమ్మింది. గేదె పాలివ్వకపోయినా, నాన్నగారికి ప్రమోషన్ రాకపోయినా ఒకటే మాట: "మొక్కు ఉండిపోయింది."

1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద తుఫాను విరుచుకుపడింది. తెల్లారి చూస్తే మా దొడ్లో పదహారు కొబ్బరిచెట్లకి రెండు నిలబడి ఉన్నాయి. మిగతావి మొవ్వులు విరిగి, కొన్ని వేళ్ళతో సహా లేచి, పశువులపాక మీద అడ్డంగా పడున్నాయి. అమ్మ వాటివంక చూసి కొంగు నోట్లో కుక్కుకుని అదే మాట అంది. నాకు పన్నెండేళ్ళు. వీధిలోకి వచ్చి చూశాను. మా ఎదురింటివాళ్ళవీ పడ్డాయి. చెరువుగట్టు మీదవీ పడ్డాయి. కాలవకి అవతల పేటలో ఒక్క పాక కూడా నిలబడలేదు. తర్వాత తెలిసింది, ఆ తుఫానులో వెయ్యిమందికి పైగా పోయారని. లోపలికొచ్చి మామ్మని అడిగాను: "మనం బాకీ ఉంటే మన చెట్లు పడాలి గానీ, ఊరందరివీ ఎందుకు పడ్డాయే?"

మామ్మ తడిసిన బియ్యం చాపమీద ఆరబోస్తోంది. తల కూడా ఎత్తలేదు. "వాళ్ళ మొక్కులు వాళ్ళకుండవూ?" అంది.

నేను చాలా వాదనలు విన్నాను. ఇంత పకడ్బందీ జవాబు మళ్ళీ వినలేదు. ఊళ్ళో మొక్కు బాకీ లేని ఇల్లు లేదు కాబట్టి, ఎక్కడ ఏం జరిగినా మీ వసూళ్ళ లెక్క సరిపోతుంది. ఏ బ్యాంకుకైనా మీలాంటి రికవరీ ఏజెంటు దొరికితే మొండిబాకీలన్న మాటే ఉండదు. అయినా ఎందుకో ఆ రోజు ఆ జవాబు నాకు రుచించలేదు. పన్నెండు రూపాయలకి ముప్పావలా తక్కువ. దానికోసం పేటలో పాకలు పీకడమేమిటి?

అలాగని ఆ రోజే నమ్మకం పోయిందని గొప్పలు చెప్పను. పోయింది విజయవాడలో, ఇంటర్ హాస్టల్ మెస్‌లో. శనివారం మా ఇంట్లో గుడ్డు ముట్టరు. ఆ మెస్‌లో గుడ్డుకూర పెట్టేది శనివారమే. మొదటి వారం ఆవకాయతో తిన్నాను. రెండో వారం మజ్జిగన్నం. మూడో వారం వాసనకి లొంగిపోయాను. రాత్రంతా కళ్ళు ఉన్నాయో లేదో తడుముకుంటూ పడుకున్నాను. కళ్ళు పోలేదు సరికదా, సోమవారం టెస్టులో ర్యాంకు పెరిగింది. ఇక అక్కణ్ణుంచి రెండు నెలలపాటు ప్రతి శనివారం తప్పకుండా గుడ్డు తిన్నాను, ర్యాంకు కోసం.

స్కిన్నర్ అనే అమెరికా శాస్త్రవేత్త ఆకలిమీదున్న పావురాల్ని పంజరాల్లో పెట్టి, అవి ఏం చేసినా చెయ్యకపోయినా కొంతసేపటికోసారి గింజలు పడేలా ఏర్పాటు చేశాడని తర్వాత చదివాను. 1948లో అచ్చయిన సంగతి. గింజ పడ్డప్పుడు తామేం చేస్తూ ఉన్నాయో, దానివల్లే పడిందన్నట్టు పావురాలు అదే పని మళ్ళీ మళ్ళీ చేశాయట. ఒకటైతే పంజరంలో గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. కాకపోతే అప్రదక్షిణంగా తిరిగింది, పాపం, చెప్పేవాళ్ళు లేక.

అదే విజయవాడలో, మా హాస్టల్‌కి సిటీ బస్సు దూరంలో, గోరా గారి నాస్తిక కేంద్రం ఉంది. ఆయన 1940లో ముదునూరులో మొదలుపెట్టి 1947లో బెజవాడకి మార్చారు. నిప్పులమీద నడవడానికి ఒంటిమీదికి ఏ దేవుడూ రానక్కర్లేదని నడిచి చూపించినవాళ్ళు అక్కడివాళ్ళు. దేవుడు లేడన్నందుకు గోరా గారు కాలేజీ లెక్చరర్ ఉద్యోగం పోగొట్టుకున్నారు. నేను పోగొట్టుకున్నది శనివారం ఆవకాయన్నం. ఇద్దర్నీ నాస్తికులనే అంటారు, భాషలో అదొక సౌకర్యం.

భాష అంటే గుర్తొచ్చింది. తెలుగు మాట్లాడేవాణ్ణి నాస్తికుణ్ణి చెయ్యడానికి కేంద్రాలేం అక్కర్లేదనిపిస్తుంది నాకు. డబ్బు పోతే గోవిందా అంటాం. ఖర్చయిపోతే హారతి కర్పూరమైందంటాం. అప్పు ఎగ్గొట్టినవాడు నామం పెట్టాడు. పెద్ద మొత్తమైతే పంగనామాలు, మరీ నమ్మించి చేస్తే శఠగోపం. ఆఫీసర్ తిడితే అక్షింతలు పడ్డాయి, ఇంకా తిడితే సహస్రనామార్చన. మూసేసిన పథకానికి మంగళం పాడారు. ఊరికే వచ్చింది పుణ్యానికి వచ్చింది. గుడి లోపలికి వెళ్ళేటప్పుడు చెప్పులు బయట వదిలాం గానీ, వచ్చేటప్పుడు లోపలి సామానంతా పట్టుకొచ్చి సంతలో పరిచాం. ఇది ఏ నాస్తికుడూ చెయ్యలేదు, అంతా భక్తులే చేశారు. మనసు పెట్టకుండా చేసే పనికి మనం పెట్టుకున్న పేరు మొక్కుబడి. ఇక తమరి పేరు సంగతి చెప్పాలంటే నాకే మొహమాటంగా ఉంది. పొద్దున్నే పేపర్లో "కాంట్రాక్టర్ల నుంచి భారీగా ముడుపులు" అని హెడ్డింగ్ చదివి అమ్మ "ఎంత పాపం!" అంటుంది. పేపర్ మడిచి, లేచి వెళ్ళి, మీకు పువ్వు పెడుతుంది.

మీ కుటుంబంలో డబ్బు ముట్టని శాఖ ఒకటుంది, అదీ చెప్పాలి. చిలుకూరు బాలాజీ గుళ్ళో హుండీ ఉండదు. కోరుకునేటప్పుడు పదకొండు ప్రదక్షిణలు, తీరాక నూట ఎనిమిది. మా బావమరిది అమెరికా హెచ్‌-1బి వీసా కోసం మూడేళ్ళు వరసగా పదకొండేసి తిరిగాడు. ఏడాదికి 85,000 వీసాలు, అడిగేవాళ్ళు అంతకి ఎన్నో రెట్లు, కంప్యూటర్ డ్రా. మూడో ఏడు తగిలింది. నూట ఎనిమిదీ తిరిగొచ్చాడు. మరి మొదటి రెండేళ్ళ సంగతేమిట్రా అంటే, "అప్పుడు మనసు పెట్టి తిరగలేదు బావా" అన్నాడు. అక్కడ నూట ఎనిమిది తిరిగేవాళ్ళంతా వీసా వచ్చినవాళ్ళే. రానివాళ్ళు నిలదియ్యడానికి రారు. ఎప్పుడో ప్రాచీన గ్రీసులో డయాగరస్ అనే నాస్తికుడికి, సముద్రంలో మొక్కుకుని బతికి బయటపడ్డవాళ్ళు గుళ్ళో పెట్టించిన పటాలు చూపించారట. మునిగిపోయినవాళ్ళ పటాలు ఎక్కడ పెట్టారని అడిగాడట.

ఇంత తెలిసినవాడు పోయిన వానాకాలం ఏం చేశాడో మీకు తెలుసు.

మా పాపకి డెంగీ. అయిదో రోజు. ప్లేట్‌లెట్లు ఇరవయ్యొక్క వేలు. ఇప్పుడు పడతాయి, ఎక్కువమందికి రెండు రోజుల్లో వాటంతటవే లేస్తాయి, గాభరా పడకండి అని డాక్టరు విడమరిచి చెప్పింది. నాకు అర్థమైంది కూడా. రాత్రి రెండింటికి ఆసుపత్రి క్యాంటీన్ వంటతన్ని లేపి చెంచాడు పసుపు అడిగాను. ఎందుకనైనా అడగలేదు. పేపర్ కప్పులో పోసిచ్చాడు. రోజూ ఎవరో ఒకరు అడుగుతారనుకుంటాను. బాత్‌రూమ్‌లో నా జేబురుమాలు తడిపాను. గళ్ళ రుమాలు, పసుపు సరిగ్గా పట్టలేదు. జేబులో పదకొండు రూపాయలు లేవు, అంతా ఫోన్లోనే. ఆ వంటతనికే స్కాన్ కొట్టి చిల్లర తీసుకున్నాను.

ఏడో రోజుకి ప్లేట్‌లెట్లు లేచాయి. లేస్తాయని ముందే చెప్పారు. రోగం నడినెత్తికి ఎక్కినప్పుడు గానీ ముడి వెయ్యం, నడినెత్తి దాటాక ఎక్కువమందికి దిగడమే ఉంటుంది. ఆ దిగిన ఖ్యాతి మీ వంశానిది. ఈ కిటుకంతా తెలిసి కూడా నా వేళ్ళు మూడు ముళ్ళు వేశాయి.

పక్కన మూడో నంబరు మంచం కమ్మీకి మాకంటే ముందే ఒకటి కట్టి ఉంది. చక్కటి పసుపుగుడ్డ, బిగువైన ముళ్ళు. ఆరో రోజు పొద్దున్న చూస్తే ఆ మంచం మీద కొత్త దుప్పటి పరిచి ఉంది. బాబూ లేడు, వాళ్ళమ్మా లేదు. ముడుపు కమ్మీకే ఉంది. ఆయా దాన్ని విప్పింది. చెత్తబుట్ట దాకా వెళ్ళి ఆగింది. వెనక్కొచ్చి కిటికీ గట్టు మీద పెట్టి, చెయ్యి చీరకి తుడుచుకుని వెళ్ళిపోయింది.

అలాంటి ముడుపుల్ని ఏం చేస్తారండీ? బాకీ ఎవరు ఎవరికి ఉన్నట్టు? ఇంటికొచ్చాక అమ్మని అడిగాను. మామ్మైతే ఏదో ఒకటి చెప్పేది. అమ్మ చెప్పలేదు. "అలాంటివి అడక్కురా" అని, చాలాసేపు వత్తులు చేసుకుంటూ కూర్చుంది.

ఇక అసలు విషయం. వచ్చే నెలలో తిరుమలకి మూడువందల రూపాయల దర్శనం టికెట్లు దొరికాయి. అలిపిరి నుంచి 3,550 మెట్లు అమ్మ మోకాళ్ళు ఎక్కవు, కాబట్టి తను బస్సులో, నేను నడిచి. గుండు కూడా నాకే. దేవుడు లేడు కదా, మరి గుండెందుకు అని మా ఆవిడ అడిగింది. అప్పు మా అమ్మ పేరున ఉంది, హామీదారు సంతకం నాది అన్నాను. ఇద్దరు అన్నదమ్ములూ, అదే తమరూ గళ్ళ రుమాలుగారూ, ఒకే హుండీలో దిగబోతున్నారు. ఒక్క చిక్కుంది. తమ కడుపులో ఉన్న పావలా 2011 జూన్ 30 నుంచి చెల్లదు. విప్పి మారుద్దామంటే మొక్కిన ముడి విప్పకూడదంటుంది అమ్మ. చెల్లని పావలాతోనే సర్దుకోవాలి.

ఇట్లు,
మీ బాకీదారు

తా.క.: నిన్న సాయంత్రం మిమ్మల్నిద్దర్నీ దించి బ్యాగులో సర్దుతున్నాను. పాప వచ్చి, "లోపలేముంది నాన్నా, ఒకసారి విప్పి చూద్దామా?" అని ముడి మీద గోరు పెట్టింది. ఆ క్షణాన నా నోట్లోంచి వచ్చిన మూడు మాటలూ మీరు విన్నారు. ఇంట్లో ఎవరికీ చెప్పకండి.