సవరణ: ఏడాది నిండగానే కారు సీటు ముందుకు తిప్పకండి

పసిపిల్లల కారు సీటు గురించి ఇంతకుముందు నేను రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయి. క్షమించండి.

ఏడాది నిండితే సీటును ముందువైపు తిప్పవచ్చని రాశాను. అది సరికాదు. వెనక్కి తిరిగి కూర్చోవడానికి ఆ సీటు మాన్యువల్‌లో ఇచ్చిన బరువు లేదా ఎత్తు పరిమితి వచ్చేవరకు అలాగే ఉంచండి. పసివాళ్లకు ఒంటితో పోలిస్తే తల బరువు ఎక్కువ, మెడ ఇంకా గట్టిపడి ఉండదు. కారు ఎదురుగా దేన్నైనా గుద్దితే సీటు వీపు భాగం తలనీ మెడనీ వెన్నునీ కలిపి ఆపుతుంది. అదే ముందుకు తిరిగి ఉంటే తల విసురుగా ముందుకు పోయి, ఆ భారమంతా మెడ మీద పడుతుంది. కాళ్లు మడతపడుతున్నాయని టెన్షన్ పడకండి, పిల్లలకు అదేమీ ఇబ్బంది కాదు.

రెండోది, సీట్లో బిడ్డను కట్టే బెల్టు పట్టీలు భుజాలకు పైనుంచి రావాలన్నాను. అది ముందుకు తిరిగిన సీటుకు వర్తించే మాట. వెనక్కి తిరిగినప్పుడు సరిగ్గా భుజాల ఎత్తులో గానీ, కాస్త కిందనుంచి గానీ రావాలి. బిగించాక భుజం దగ్గర పట్టీని వేళ్లతో పట్టి చూస్తే మడత చిక్కకూడదు.

సీటు బిగింపు గురించి రాసినదాంట్లో మార్పు లేదు: సీటును కారుకు బిగించే బెల్టు వెళ్లే చోట పట్టుకుని కదిపితే అంగుళం మించి కదలకూడదు. ఎయిర్‌బ్యాగ్ ఆన్‌లో ఉన్న కారు ముందు సీట్లో మాత్రం వెనక్కి తిరిగిన పిల్లల సీటును ఎప్పుడూ పెట్టకండి.